బత్తాయికి వాసన తీగలు కడితే రెక్కల పురుగు ఆగుతుందా?

ఉత్తరం:

“అన్నా, నమస్తే. మాది గుర్రంపోడు మండలం. ఆరెకరాల బత్తాయి తోట, చెట్లకు తొమ్మిదేళ్లు. ఒక పక్క గుట్ట, రెండు పక్కల వేరేవాళ్ల పత్తి చేన్లు. వినాయక చవితి దాటిందో లేదో కాయ రాలడం మొదలైంది. రాలిన కాయకు గుండుసూది అంత బొక్క, దాని చుట్టూ మెత్తబడి రంగు మారుతోంది. రెక్కల పురుగు అన్నారు. వారానికోసారి మందు కొడుతున్నా తగ్గలేదు. ఫోన్‌లో ఒక వీడియో చూశాను. అమెరికాలో యాపిల్ చెట్లకు వాసన తీగలు కడితే మగ పురుగుకు ఆడది దొరక్క గుడ్లే పడవట. ఇక్కడ మందుల షాపాయన కూడా ఎరలు తెప్పిస్తా అంటున్నాడు. ఎకరాకు ఎన్ని కట్టాలి? ఎప్పుడు కట్టాలి? ఈ కాపుకే పనిచేస్తాయా?”

జవాబు:

తమ్ముడూ, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ ఎరలు కొనకు. ఈ కాపుకే కాదు, వచ్చే కాపుకు కూడా నీ తోటలో ఈ పురుగు మీద అవి పనిచేయవు. నువ్వు చూసిన వీడియో అబద్ధమేం కాదు, ఆ పద్ధతి యాపిల్‌లో పేరు తెచ్చుకున్నదే, కానీ అక్కడ కాయను పాడుచేసే పురుగు వేరు, అది పాడుచేసే తీరు వేరు, అది ఉండే చోటు వేరు. ఈ మూడూ నీ తోటలో తిరగబడ్డాయి.

యాపిల్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే అది అర్థమైతే మిగతాది నీకు నువ్వే చెప్పుకోగలవు. యాపిల్‌లో అసలు శత్రువు కాడ్లింగ్ మాత్ అనే చిన్న బూడిద రంగు రెక్కల పురుగు. ఆ రెక్కల పురుగు కాయను ముట్టదు. ఆడది కాయ మీదో, పక్క ఆకు మీదో గుడ్డు పెడుతుంది, గుడ్డులోంచి వచ్చిన లద్దె కాయలోకి దూరి గింజల దాకా తినుకుంటూ పోతుంది. అంటే తల్లి సాధువు, పిల్ల దొంగ. పైగా ఆ తల్లి పుట్టేది ఆ తోటలోనే, జత కట్టేది ఆ తోటలోనే, గుడ్లు పెట్టేది కూడా చాలావరకు ఆ తోటలోనే. కాబట్టి జత కట్టకుండా ఆపితే గుడ్డు పొదగదు, లద్దె రాదు, కాయ మిగులుతుంది.

ఆపేది ఎలా అంటే వాసనతో. చీకటి పడ్డాక ఆడ పురుగు తన ఒంట్లోంచి ఒక వాసన వదులుతుంది, మగది ఆ వాసన పట్టుకుని గాలికి ఎదురుగా ఎగురుతూ వస్తుంది. ఈ వాసన సంగతి మొదట రసాయనంగా తేల్చింది పట్టుపురుగులో, 1959లో జర్మనీ శాస్త్రవేత్త బూటెనాంట్ బృందం. అయిదు లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి తీస్తే చేతికొచ్చింది కొన్ని మిల్లీగ్రాములు, అంత తక్కువ వాసనకే మగది కదులుతుందన్నమాట. కాడ్లింగ్ మాత్ వాసన 1971లో తేలింది. ఆ వాసనను ఫ్యాక్టరీలో చేసి సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో నింపి, ఎకరాకు 400 దాకా, చెట్టు పై కొమ్మలకు కడతారు. చెర్వుగట్టు జాతరలో పిల్లాడు తప్పిపోయాడనుకో, నాలుగు వందల మైకుల్లోంచి ఒకేసారి వాళ్లమ్మ గొంతే వినిపిస్తే వాడు ఎటు పోతాడు? కొన్ని మగ పురుగులు ఉత్త తీగల చుట్టే తిరుగుతాయి, కొన్నిటికి ఆ వాసనకే ముక్కు మొద్దుబారిపోతుంది, నిజం ఆడది పక్క కొమ్మ మీద ఉన్నా దొరకదు.

ఇందులో చచ్చే పురుగు ఒక్కటీ లేదు, అది గమనించు. మన పత్తిలో పెట్టే లింగాకర్షక బుట్టకు, అంటే ఆడ పురుగు వాసనతో మగదాన్ని లాగి పట్టే బుట్టకు, దీనికి తేడా అక్కడే ఉంది. బుట్ట పెట్టేది ముఖ్యంగా పురుగు వచ్చిందో లేదో చూసుకోవడానికి. గులాబీ రంగు పురుగుకైతే వరుసగా మూడు రోజులు, రోజుకు బుట్టకు ఎనిమిది మగ పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చిందని లెక్క. ఎకరాకు నాలుగు బుట్టలు పెట్టి పురుగు మొత్తాన్ని పట్టేస్తున్నాం అనుకునేవాళ్లు ఉన్నారు, పట్టలేం, ఒక్క మగది తప్పించుకున్నా అది ఒక ఆడదానితో ఆగదు. వాసన తీగల పని పట్టడం కాదు, దారి తప్పించడం. అందుకే తీగలు కట్టిన తోటలో బుట్ట పెడితే ఖాళీగా ఉండాలి. పురుగు పడుతోందంటే తీగలు పనిచేయడం లేదని అర్థం.

ఈ పద్ధతి మొదట అమెరికాలో అనుమతి తెచ్చుకున్నది కూడా యాపిల్‌కు కాదు, పత్తికే, గులాబీ రంగు పురుగు మీద, 1978లో. యాపిల్ తీగలకు అక్కడ 1991లో అనుమతి వచ్చింది. అప్పటికి కొట్టిన మందే కొట్టీ కొట్టీ పురుగు అలవాటు పడిపోయింది, ఇంకో దారి లేక రైతులు ఇటు తిరిగారు. 1995 నుంచి వాషింగ్టన్, ఆరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో పక్కపక్క తోటల వాళ్లందరినీ కలిపి ఒకేసారి కట్టించారు, అప్పుడు దాని సత్తా బయటపడింది. ‘కలిపి’ అన్న మాట మర్చిపోకు. ఒక్కడు రెండెకరాల్లో కట్టుకుంటే పక్క తోటలో జతకట్టిన ఆడది గట్టు దాటి వచ్చి గుడ్లు పెట్టి పోతుంది, దానికి ఇక మగదానితో పని లేదు కదా, నీ తీగలు దాన్ని ఏం చేస్తాయి? అందుకే కనీసం పదెకరాలైనా ఒకే చెక్కగా ఉండాలంటారు. తోట అంచుల్లో, గాలి వచ్చే వైపు వాసన పలచబడుతుంది కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువ కడతారు. పురుగు అప్పటికే విపరీతంగా ఉంటే కూడా పనిచేయదు, ఎందుకంటే ఒకే కొమ్మ మీద ఆడా మగా తారసపడితే వాసన అవసరమే ఉండదు. అలాంటి తోటల్లో మొదటి ఏడాది మందు కొట్టి పురుగును తగ్గించి, ఆ తర్వాత తీగల మీద ఆధారపడతారు.

ఇక నీ బత్తాయి దగ్గరికి రా.

నీ కాయకు బొక్క పెట్టేది పిల్ల పురుగు కాదు, రెక్కల పురుగే. రసం పీల్చే రెక్కల పురుగు అనేది దీన్నే. మామూలు రెక్కల పురుగుల నోటి గొట్టం పూలలో తేనె తాగడానికి తప్ప దేనికీ పనికిరాదు, దీనిది అలా కాదు, గట్టిగా, కొసన ముళ్లతో ఉంటుంది, బత్తాయి తోలులోంచి సూటిగా దిగుతుంది. రాత్రి వచ్చి గుచ్చి, రసం తాగి, తెల్లారేసరికి పోతుంది. ఆ బొక్కలోంచి బూజు, కుళ్లు తెగులు లోపలికి పోయి, కాయ మెత్తబడి, కొద్ది రోజుల్లో రాలుతుంది. రాలిన కాయను చేతిలోకి తీసుకుని మెల్లగా నొక్కి చూడు, బొక్కలోంచి రసం చిమ్ముతుంది.

మరి పిల్ల ఎక్కడుంది? నీ తోటలో లేదు! దాని లద్దె బత్తాయి ఆకు తినదు. తిప్పతీగ, దూసరి తీగ, వీటి మీద పెరుగుతుంది. అంటే గుట్ట మీద, కంచెల మీద, ఒర్రె గట్ల మీద. అక్కడే పుట్టి, అక్కడే రెక్కలొచ్చి, జత కట్టాల్సింది కట్టుకుని, నీ తోటకు వచ్చేది ఉత్త భోజనానికి. ఇప్పుడు చెప్పు, నువ్వు ఆరెకరాల్లో తీగలు కట్టి దేన్ని ఆపుతావు? జత కట్టనీయకపోయినా దాని ఆకలి తీరదు. మగది కూడా రసం తాగుతుంది, ఆడదీ తాగుతుంది, పెళ్లి కాని పురుగుకు నోరు లేకుండా పోదు. ఆ షాపాయన దగ్గర ఈ పురుగు ఎరే ఉన్నా ఫలితం ఇంతే.

ఆయన తెప్పిస్తానన్నది అసలు ఏ పురుగు ఎరో కూడా అడుగు. ఒక పురుగు వాసన ఇంకో పురుగుకు పట్టదు, ఎర ప్యాకెట్ మీద పురుగు పేరు రాసి ఉంటుంది. పెక్టినోఫోరా అని ఉంటే పత్తి గులాబీ రంగు పురుగుది, హెలికోవెర్పా అంటే శనగపచ్చ పురుగుది, స్పోడోప్టెరా లిటురా అంటే పొగాకు లద్దె పురుగుది. మిథైల్ యూజినాల్ అని ఉంటే అది పండు ఈగకు. కొల్లాపూర్ వైపు మామిడి తోటల్లో వేలాడదీసేవి అవే. మామిడాయన తోటలో పనిచేసిందని నీకూ అంటగట్టే ప్రమాదం ఉంది, ఆయనది ఈగ, నీది రెక్కల పురుగు. అయితే ఒక్క పరీక్ష చెయ్యి: రాలిన కాయలు కొన్ని కోసి చూడు. లోపల తెల్లటి చిన్న పురుగులు మెసులుతుంటే అది ఈగ పని, అప్పుడు మిథైల్ యూజినాల్ బుట్టలు నీకూ అవసరమే. లోపల పురుగు లేకుండా బొక్క చుట్టూ మాత్రమే కుళ్లితే రెక్కల పురుగు. అసలు బొక్కే లేకుండా తొడిమ దగ్గర ఊడి రాలుతుంటే నీటి ఎద్దడో, వేరుకుళ్లో, అది ఇంకో ఉత్తరం.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఈ రాత్రే తోటకు పో. ఎనిమిది, పదకొండు మధ్య అయితే మంచిది, టార్చి పట్టుకుని గుట్ట వైపు వరుసల్లో మెల్లగా నడువు. పండిన కాయ మీద వెలుతురు వేస్తే ఎర్రగా నిప్పుకణికల్లా రెండు కళ్లు మెరుస్తాయి. అరచేతికి కాస్త అటూ ఇటుగా ఉండే పెద్ద పురుగు. ముందు రెక్కలు ఎండుటాకు రంగులో ఉంటాయి, పగలు ఆకుల్లో కూర్చుంటే అసలు కనిపించదు. లోపలి రెక్కలు పసుపు, నారింజ కలిసిన రంగు, మీద నల్ల మచ్చలు. వాటితోపాటు కాస్త చిన్నవి, నలుపు తెలుపు రెక్కలవి కూడా కనిపిస్తే ఆశ్చర్యపోకు, ఆముదం చేను మీద పడే దాసరి పురుగు తల్లి కూడా పండ్ల మీద వాలుతుంది. మహబూబ్‌నగర్ వైపు ఆముదం ఎక్కువ కాబట్టి అక్కడి తోటల వాళ్లకు ఇది బాగా పరిచయం. సొంతంగా బొక్క పెట్టే బలం దానికి అంతగా ఉండదు, పెద్దది పెట్టిన బొక్కలో తాగిపోతుంది.

మందు కొట్టినా ఎందుకు తగ్గలేదో ఇప్పుడు నీకే తెలిసుంటుంది. పురుగు పగలంతా గుట్ట మీద ఉంటుంది. రాత్రి వచ్చి కాయ తోలు నమలదు, గొట్టం దించి లోపలి రసం తాగుతుంది. తోలు మీద నువ్వు కొట్టిన మందు దాని కడుపులోకి పోయేది చాలా తక్కువ. రేపు ఒకటి చచ్చినా ఎల్లుండి గుట్ట మీది నుంచి ఇంకోటి వస్తుంది. పైగా కోతకొచ్చిన కాయ మీద వారం వారం మందు, తినేవాళ్ల సంగతి కూడా చూడాలి కదా. ఆపెయ్యి.

చేయాల్సింది వేరే ఉంది, అందులో సగం చీపురు పనే, మొహమాటం లేకుండా చెప్తున్నా. రాలిన కాయలు చెట్ల కింద ఉంచకు. కుళ్లిన బత్తాయి వాసన కొత్త పురుగులను పిలుస్తుంది. రోజూ పొద్దున ఏరించి, తోట బయట గుంట తీసి పూడ్చు. గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తే ఏరీ ఏరనట్టే.

ఆ తర్వాత తీగలు, వాసన తీగలు కాదు, తిప్పతీగలు. తోట చుట్టూ కంచె మీద, వేప చెట్ల మీద, గుట్ట అంచున తిప్పతీగ, దూసరి తీగ ఎక్కడ కనిపించినా వేళ్లతో సహా పీకి కాల్చెయ్యి. తిప్పతీగను ఊరికే కోసి పడేస్తే కాదు, ముక్క తడి తగిలితే మళ్లీ చిగురిస్తుంది. కరోనా అప్పుడు కషాయానికని ఊరూరా కంచెలకు పాకించారు, ఇంట్లో పెద్దవాళ్లు పీకనివ్వకపోవచ్చు. సరే, ఇంటి దగ్గర ఒక్క తీగ ఉంచుకోండి, కానీ వానాకాలమంతా ఆకులు తిరగేసి చూస్తుండండి. పక్కలకు కళ్లలాంటి గుండ్రటి మచ్చలున్న ముదురు రంగు లద్దె కనిపిస్తే ఏరి చంపాలి. గుట్ట మొత్తం శుభ్రం చేయడం నీ ఒక్కడి వల్ల కాదు, నాకు తెలుసు. ఆ పక్క ఈ పక్క బత్తాయి వాళ్లుంటే జూన్‌లో తొలకరి పడి తీగ చిగురేసే సమయానికే నలుగురూ కలిసి ఒక రోజు పెట్టుకోండి. గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా నెల రోజులు చాలు దానికి, కాబట్టి సెప్టెంబర్‌లో తీగ పీకడం కంటే జూన్, జూలైలో పీకడం మేలు.

ఎర కూడా పెట్టొచ్చు, అయితే ఇది ఆడ పురుగు వాసన కాదు, తిండి ఎర. రెండు లీటర్ల నీళ్లలో 200 గ్రాముల బెల్లం, కొంచెం బత్తాయి రసమో సిర్కానో, 20 గ్రాముల మలాథియాన్ 50 శాతం పొడి మందు కలిపి, వెడల్పు మూతి ఉన్న సీసాల్లో పోసి పది చెట్లకు రెండు చొప్పున కొమ్మలకు కట్టు. గుట్ట వైపు వరుసలతో మొదలుపెట్టు, పురుగు వచ్చే దారి అదే. రాలిన కాయల రసం ఇందుకు పనికొస్తుంది, అది పులిసిందైతే పురుగు ఇంకా బాగా వాలుతుంది. జాగ్రత్త మాత్రం చాలా అవసరం. బెల్లానికి తేనెటీగలు కూడా వస్తాయి, అందుకని చీకటి పడ్డాక కట్టి, పొద్దున వెలుతురు రాకముందే దించెయ్యి. మేకలు, పిల్లలు తిరిగే తోట అయితే సీసాలు లెక్కపెట్టి కట్టు, లెక్కపెట్టి దించు.

పొగ కూడా పెడతారు. సాయంత్రం ఏడు దాటాక గాలి వచ్చే వైపు పచ్చి ఆకు, చెత్త వేసి పొగ పెడితే పండు వాసన కలిసిపోయి పురుగు దారి తప్పుతుంది. దీనితో పూర్తిగా ఆగుతుందని చెప్పను, గాలి తిరిగిందంటే పొగ నీ ఇంటికి, పురుగు నీ తోటకు. జపాన్‌లో పండ్ల తోటల్లో రాత్రంతా పసుపు దీపాలు వెలిగిస్తారు, ఆ వెలుతురులో ఈ పురుగు పగలని భ్రమపడి కదలకుండా కూర్చుంటుంది. ఆరెకరాలకు కరెంటు, దీపాలు, తీగలు లెక్కేస్తే మనకు గిట్టేది కష్టం. కాయలకు సంచులు తొడగడం అన్నిటికంటే ఖాయమైన పని, కానీ ఇరవై అడుగుల ఎడంలో వేసిన తోటైతే ఎకరాకు నూటపది చెట్లు, చెట్టుకు వందల కాయలు, కూలి ఎవడిస్తాడు? ఇంటి పెరట్లో రెండు దానిమ్మ చెట్లు, ఒక బత్తాయి చెట్టు ఉన్నవాళ్లకు చెప్పు, వాళ్లకు బాగుంటుంది.

నీకు ఇప్పుడు అన్నిటికంటే అక్కరకొచ్చేది కోత తేదీ. ఈ పురుగు పచ్చికాయను అంతగా పట్టించుకోదు, రంగు తిరిగి వాసన వచ్చే కాయ మీదే వాలుతుంది. రేటు ఇంకో నాలుగు రూపాయలు పెరుగుతుందని చెట్టు మీద ఉంచే ప్రతి వారం నువ్వు దానికి అన్నం పెడుతున్నట్టే. గుట్ట వైపు వరుసలు పక్వానికి వస్తే ముందు వాటినే కోసెయ్యి, లోపలి వరుసలు తర్వాత చూసుకోవచ్చు. బొక్క పడ్డ కాయ ఒక్కటి కూడా లోడులో వెయ్యకు. బాటసింగారం పండ్ల మార్కెట్ చేరేలోపు అది కుళ్లి పక్క కాయలను పాడుచేస్తుంది, అక్కడ తరుగు నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ పోతుంది.

వాసన తీగలు నిమ్మ, బత్తాయిలో ఎక్కడా పనికిరావా అంటే, ఒక చోట పనికొస్తాయి. కొత్త చిగురు ఆకు మీద వెండి గీతలు పాములా వంకర్లు తిరిగి, ఆకు ముడుచుకుపోతుంది చూశావా, అది ఆకు తొలిచే పురుగు, అదీ రెక్కల పురుగు పిల్లే. అక్కడ నష్టం చేసేది పిల్ల, పుట్టేదీ పెరిగేదీ నీ చెట్టు మీదే. కాబట్టి జత ఆపే లెక్క సరిపోతుంది, ఫ్లోరిడా నిమ్మజాతి తోటల్లో దీని మీద ఈ పద్ధతి వాడారు కూడా. కానీ తొమ్మిదేళ్ల నీ చెట్లకు ఆ గీతలతో వచ్చే నష్టం చాలా తక్కువ, దానికోసం ఖర్చు పెట్టొద్దు. నారుమళ్లకు, నాలుగేళ్ల లోపు మొక్కలకు, నకిరేకల్ వైపు నిమ్మ తోటల్లో ఆ గాయాల్లోంచి గజ్జి తెగులు దిగుతుంది కాబట్టి వాళ్లకు మాత్రం అది పెద్ద సంగతే. చిగురు ఒకేసారి వచ్చేలా నీళ్లు, ఎరువు చూసుకుని, లేత చిగురప్పుడు వేప నూనె కొట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

నీ చుట్టూ ఉన్న పత్తి వాళ్లకైతే ఈ మాట చెప్పు: గులాబీ రంగు పురుగుకు జత ఆపే ఎరలు మన దేశంలోనూ వచ్చాయి. అక్కడ పిల్లే కాయలో దూరుతుంది, చేన్లు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, ఊరు ఊరంతా ఒకే పంట. పూత మొదలవకముందే అందరూ కలిసి కట్టుకుంటే ఉపయోగం ఉంటుంది, ఒక్కడు కట్టుకుంటే డబ్బు దండగ.

రాత్రి తోటలో పురుగు దొరికితే చేత్తో నలపకు, రెక్కల పొడి రాలితే గుర్తు పట్టడం కష్టం. మూత ఉన్న డబ్బాలో వేసి, రాలిన కాయలు రెండు మూడు కూడా పట్టుకుని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికి పో. మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇది చదివేవాళ్లకు పాలెం, మదనాపురం కేంద్రాలు దగ్గర. మందు పేరు, మోతాదు వాళ్ల చేత కాగితం మీద రాయించుకుని, ఆ కాగితంతోనే షాపుకు పో.